వేరుశనగ కాయ ఒలిచే ముందు చల్లే బిందెడు నీళ్ల గురించి

ఒడిశా వ్యవసాయ, సాంకేతిక విశ్వవిద్యాలయం విస్తరణ విభాగం వారికి, గజపతి, రాయగడ, గంజాం జిల్లాల కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలకు, పర్లాకిమిడిలో వ్యవసాయ పాఠాలు చెబుతున్న అధ్యాపకులకు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ ప్రాంతాల తెలుగు రైతులు, కాయ ఒలిచే మిల్లుల వాళ్లు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

వేరుశనగ మీద విశ్వవిద్యాలయాల సలహా అంటే విత్తనం, ఎరువు, తిక్కా ఆకుమచ్చకు మందు గుర్తొస్తాయి. ప్రదర్శన క్షేత్రం దగ్గర పాతే బోర్డు ఎకరాకు ఎన్ని క్వింటాళ్లన్న లెక్కతో ముగుస్తుంది. మేం అడుగుతున్నది ఆ బోర్డు ముగిసిన చోట మొదలయ్యే పని గురించి. మొక్క పీకిన రోజు నుంచి గుళ్లు, అంటే కాయ ఒలిస్తే వచ్చే గింజలు, సంచిలో పడే రోజు దాకా నెల రోజులు అనుకోండి. తినేవాళ్ల కాలేయానికి హాని చేసే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఎక్కువగా పేరుకునేది ఆ నెలలోనూ, దానికి ముందు పంట చేలో ఉండగా గడిచే ఆఖరి నెలలోనూ. ఈ రెండు నెలల మీద మీ పరిశోధన, మీ శిక్షణ, మీ పరికరాలు కొన్ని మా వైపు మళ్లించమని ఈ లేఖ. అందులోనూ మిల్లు దగ్గర కాయ మీద చల్లే నీళ్ల మీద. రాస్తున్న వాళ్లలో ఆ నీళ్లు చల్లే మిల్లు వాళ్లూ ఉన్నారు కాబట్టి దీన్ని ఎవరి మీదో వేలెత్తడంగా చూడవద్దు.

మీకు తెలిసిన సంగతే అయినా, ఈ లేఖ రైతులూ చదువుతారు కనుక ముందు విషం కథ క్లుప్తంగా చెబుతాం. ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే బూజు మన నేలలో ఎప్పుడూ ఉండేదే. దాన్ని నేల నుంచి ఏరేయలేం. వెచ్చదనం, కాస్త తేమ, పగిలిన కాయ దొరికితే గుళ్లలోకి దిగి విషం తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు వరసగా చచ్చిపోతే, కారణం బ్రెజిల్ నుంచి దాణాగా వచ్చిన వేరుశనగ చెక్కలో దొరికింది. మన దేశంలో 1974లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాంస్వాడా జిల్లాల్లో కోత వేళ అకాల వానకు తడిసిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. అక్కడికి వెళ్లి చూసింది హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు. జబ్బు పడినవాళ్లు ఎక్కువమంది మొక్కజొన్న మీదే బతికే గిరిజనులు. మొక్కజొన్న, కోత వేళ వాన, కొండ జనం: ఈ మూడూ కలిసే చోటు మన గజపతి, రాయగడల్లోనూ ఉంది కనుకే ఆ పాత సంగతి ఎత్తాం.

ఇంకా ప్రాసెస్ చేయాల్సిన వేరుశనగ గుళ్లలో అఫ్లాటాక్సిన్ కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినేవాటిలో 10 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశపు ఆహార భద్రతా ప్రమాణం. నేరుగా తినే గుళ్లకు ఐరోపా పెట్టుకున్న హద్దు 4. మైక్రోగ్రాములంటే రైతుకు ఏమీ తోచదు. 15 అంటే టన్ను గుళ్లలో 15 మిల్లీగ్రాములు, ఒక సన్నబియ్యపు గింజ బరువు. శిక్షణలో ఈ పోలికతో చెప్పి చూడండి, వెంటనే పడుతుంది.

వంశధార ఒడ్డు భూముల్లో వరి కోసేశాక నవంబరు, డిసెంబరుల్లో వేసే రబీ కాయకు ఫిబ్రవరి చివరికి నేలలో పదును అయిపోతుంది. గింజ నిండే ఆఖరి మూడు నాలుగు వారాలు నేల ఎండిపోయి, కాయ ఉన్న లోతులో వేడి 28 నుంచి 31 డిగ్రీల మధ్యకు వస్తే ఈ బూజుకు అంతకంటే అనువైన కాలం లేదు. తగినంత తేమ ఉన్న గింజ బూజును అడ్డుకునే పదార్థాలను తనే తయారు చేసుకుంటుంది. గింజలో నీరు తగ్గేకొద్దీ ఆ శక్తి పోతుంది. అందుకే బోరు గానీ ఎత్తిపోతల గానీ ఉన్న రైతు ఒక్క తడి మిగుల్చుకుంటే, దాన్ని పూతకు పెట్టేసి చేతులు దులుపుకోకుండా గింజ నిండే దశకు ఆపుకోవాలన్నది మా అనుభవంలో తేలిన మాట. దిగుబడి కోణంలో మీరు వేరేలా చెప్పొచ్చు. ఉన్నది ఒక్క తడే అయితే దిగుబడికీ విషానికీ మధ్య లెక్క ఎక్కడ తెగుతుందో మా నేలల్లోనే తూచి చెప్పగలిగింది మీరే. అది రెండు రబీల పని.

జిప్సం సంగతి కూడా ఇక్కడే. కొండ దిగువ ఎర్ర నేలలు పులుపు (ఆమ్ల) నేలలు, సున్నం (కాల్షియం) తక్కువ. కాయ డొల్ల సున్నాన్ని వేళ్ల ద్వారా కాకుండా నేరుగా నేల నుంచే పీల్చుకుంటుంది. అది చాలకపోతే డొల్ల పల్చబడి పగుళ్లిస్తుంది, పగులే బూజుకు వాకిలి. పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలని సరిహద్దుకు అవతల తెలుగు కరపత్రాల్లో రాస్తారు. ఆ కరపత్రాలు ఇక్కడి చేతుల్లోకి వచ్చేసరికి ఒక చిక్కుంది. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు. తెలంగాణ లెక్కలో 40. ఫోనులో ఎవరో పంపిన వీడియో చూసి గుంటకు 5 కిలోలు వేసిన రైతు ఇక్కడ ఎకరాకు 125 కిలోలే వేసినట్టు. మన గుంటకు 8 కిలోలు పడాలి. సెంటు, డిసిమిల్ మాత్రం రెండు వైపులా ఒకటే కొలత, ఎకరంలో నూరో వంతు. మీ తెలుగు కాగితాల్లో మోతాదులన్నీ సెంటు లెక్కన రాయండి, సెంటుకు 2 కిలోల జిప్సం అన్నట్టు. పెద్దవాళ్లకు అదే నోటికి వస్తుంది కూడా.

చెదలు కొరికిన కాయ, కొడవలి, నాగలి తగిలిన కాయ గురించి కొత్తగా చెప్పేది లేదు. అవి వేరు చేయాలి, అంతే.

ఖరీఫ్ కాయది మరో బాధ. జూన్‌లో వేసింది అక్టోబరులో కళ్లానికి వస్తుంది. మా ప్రాంతంలో అక్టోబరు రెండో వారం ఎలాంటిదో చెప్పాలంటే మూడు తేదీలు చాలు: 2013 అక్టోబరు 12 ఫైలిన్, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తిత్లీ. ఏటా తుపాను రాకపోవచ్చు. వారం రోజుల ముసురు మాత్రం మామూలే. పీకిన కాయలో 35 నుంచి 50 శాతం దాకా నీరుంటుంది. గుళ్లలో అది 7 శాతానికి, కాయలో 8 శాతానికి దిగాలి. ఆ దారిలో 30 నుంచి 14 వరకు ఉన్న మెట్లు ప్రమాదం. అక్కడ ఎన్ని రోజులు ఆగితే అంత విషం. ముసురు పట్టినప్పుడు రైతు చేసే మొదటి పని మొక్కలతో సహా కుప్ప వేసి బరకం కప్పి చుట్టూ రాళ్లు పెట్టడం. వాన నీరు ఆగుతుంది, నిజమే. లోపల పచ్చి కాయ ఊపిరి తీసి వేడెక్కుతుంది, ఆవిరి బరకానికి తగిలి మళ్లీ కాయ మీదే కారుతుంది. మూడో రోజు చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఇక ఆ కుప్పను ఎండలో పోసినా జరగాల్సింది జరిగిపోయింది. పైకి బూజు కనపడకపోయినా సరే.

దీనికి మా దగ్గర పనిచేసిన పద్ధతి వెదురుతో వేసే అటక. నేల నుంచి రెండడుగుల ఎత్తున వెదురు బద్దల మంచె, మొక్కలు రెండు వరసలుగా, వేళ్లూ కాయలూ పైకి వచ్చేలా తిరగేసి. మీద బరకాన్ని ఇంటి చూరులా వాలుగా కట్టాలి, రెండు చివర్లా గాలి ఆడేలా మూరెడు సందు వదలాలి. బరకం కాయకు తగలకూడదు. ఎకరం పంటకు ఎన్ని అడుగుల మంచె కావాలి, ఎంత వెదురు పడుతుంది, గాలి ఏ దిక్కు నుంచి రావాలి అన్నవి మీ ఇంజనీరింగ్ విభాగం ఒకసారి బొమ్మ గీసి ఇస్తే ఊళ్లో వడ్రంగే కట్టేస్తాడు. వాన అసలు తెరిపి ఇవ్వదని తెలిస్తే పీకిన రోజే పచ్చి కాయను ఉప్పు వేసి ఉడికించి సంతలో అమ్మేయడం మేలు. రెండు రోజులు కుప్పలో నానిన కాయను ఉడికిస్తే లాభం లేదు. ఉడుకు బూజును చంపుతుంది గాని అది అప్పటికే వదిలిన విషాన్ని పోగొట్టదు. వేయించినా కొంతే తగ్గుతుంది, దాని మీద భరోసా పెట్టుకోలేం.

ఎండ ఉన్నప్పటి పని తేలిక. చేలోనే మొక్కలను కాయ పైకి వచ్చేలా తిరగేసి వరసలుగా మూడు నాలుగు రోజులు వదిలేయాలి. తర్వాత కాయ దూసి, బరకం మీద రెండంగుళాల మందం మించకుండా పోసి, పూటకు రెండు సార్లు తిరగేయాలి. సాయంత్రం మంచు పడకముందే కప్పాలి. ఆరని పేడకళ్లం మీద నేరుగా పోయకూడదు, తారు రోడ్డు మీద అసలు వద్దు, బండి చక్రం కింద పగిలిన కాయే గుళ్లను పాడుచేస్తుంది. ఆరిందో లేదో చెవి దగ్గర ఆడించి చూస్తాం, గుళ్లు గలగలలాడాలి. గుళ్లను వేళ్ల మధ్య నలిపితే పైపొర రాలాలి. ఇవి తప్పు గుర్తులు కావు, కాని 9 శాతానికీ 7 శాతానికీ తేడా చెవికి తెలియదు. ఇంకొంచెం గట్టి గుర్తు తూకం. 40 శాతం తేమతో ఉన్న 10 కిలోల కాయ 8 శాతానికి దిగితే ఆరున్నర కిలోలవుతుంది. ఒక వల సంచిలో 10 కిలోలు పోసి, గుర్తు కట్టి, మిగతా కాయతో పాటే ఎండబెట్టి రోజూ సాయంత్రం తూచాలి. వరసగా రెండు ఎండ రోజులు తూకం కదలకపోతే ఆ వాతావరణంలో అది ఇక ఆరదని అర్థం. ఆ వాతావరణంలో అన్నది ముఖ్యం. గాలిలో తేమ 70 శాతం ఉంటే గుళ్లు 7 శాతం దగ్గర నిలబడతాయి. బరంపురం, గోపాల్‌పూర్ వైపు అక్టోబరు గాలిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంటే ఎండబెట్టి గోనెసంచిలో పోసిన కాయ రాత్రుళ్లు మళ్లీ తాగుతుంది. లోపల గాలి చొరని పొర ఉన్న సంచులు వాడమని మీరు చెబుతారు, మంచిదే. కాని తడి కాయను అందులో కడితే గోనెసంచి కంటే ఘోరం. ఏ సంచికైనా ముందు ఆరుదల.

మొక్కజొన్నకు ఊళ్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. పొడి సీసాలో గుప్పెడు గింజలు, చెంచాడు బాగా ఎండిన ఉప్పు వేసి ఆడించి పావుగంట ఆగాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం మించినట్టు. వేరుశనగకు ఇది చాలదు. మనకు కావలసిన 7 శాతం దానికి కనపడదు. అందుకే తేమ కొలిచే మీటరు అడుగుతున్నాం.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఇంతవరకు చెప్పినదంతా రైతు తూచా తప్పకుండా చేశాడే అనుకోండి. మార్చి, ఏప్రిల్ ఎండకు కాయ బాగా ఆరింది, గుళ్లలో తేమ 7 కంటే కిందికి దిగింది. మిల్లుకు తెచ్చాడు. ఎండిన గుళ్లు పెళుసు. రోలరు కింద రెండు బద్దలవుతాయి, పైపొర లేస్తుంది. బద్దలకు ధర తగ్గుతుంది. అందుకని ఒలిచే ముందు కాయ రాశి మీద నీళ్లు చల్లి, కాసేపు గోనెలు కప్పి, మెత్తబడ్డాక మిషన్లో పోస్తారు. గుళ్లు ముక్కలవకుండా నిగనిగలాడుతూ వస్తాయి. వెంటనే సంచుల్లో కుడతారు. తూకం కూడా కొంచెం పెరుగుతుందని ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

ఆ కొంచెం ఎంతో లెక్క వేద్దాం. 40 కిలోల కాయ బస్తా ఒలిస్తే గుళ్లు సుమారు 28 కిలోలు. 7 శాతం తేమ అంటే ఆ గుళ్లన్నిటిలో ఉన్న నీరు 2 కిలోలకు కాస్త తక్కువ. చల్లిన నీళ్లలో ఎక్కువ భాగం డొల్లకే పోయి, గుళ్లకు ఒక్క లీటరే చేరిందనుకున్నా తేమ 10 శాతం దాటుతుంది. అదీ సగటు. రాశి పైన నేరుగా తడిసిన గుళ్లలో అంతకంటే ఎక్కువ, అడుగున ఉన్నవాటిలో తక్కువ. బూజు సగటు చూసుకోదు, తడిసిన మూల చూసుకుంటుంది. ఆ సంచి ఏప్రిల్, మే వేడిలో గోదాములో గోడకు ఆనించి ఉంటుంది. పొలంలో రైతు, కళ్లంలో ఆడవాళ్లు నెల రోజులు పడిన కష్టమంతా ఈ అరగంటలో తిరగబడుతుంది. తేలిగ్గా తెలిసేది, తేలిగ్గా ఆపగలిగేది కూడా ఈ మెట్టే. చేను వేలమందిది, కళ్లం వందలమందిది, మిల్లులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నీళ్లు చల్లొద్దని పోస్టరు అంటిస్తే మిల్లు ఆగదు. బద్దల నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్నకు జవాబు కావాలి. మాకు తోచిన దారులు కొన్ని ఉన్నాయి. కాయను ఒలిచే ముందు రెండు సైజులుగా జల్లించి, ఏ సైజుకు తగ్గ జల్లెడ ఆ సైజుకు వేసి, రోలరుకూ జల్లెడకూ మధ్య దూరం సరిచేస్తే చిన్న కాయ ఒలవకుండా జారిపోవడం, పెద్ద కాయ నలిగిపోవడం రెండూ తగ్గుతాయి. ఇప్పుడు ఊరికొక రకం కాయ, అన్నిటికీ ఒకటే జల్లెడ. మిషను వేగం తగ్గించడం, తొట్టిలో కాయ ఒక్కసారిగా కుమ్మరించకుండా సమంగా పోయడం కూడా పనిచేస్తాయి. మే ఎండలు ముదిరి కాయ అతిగా ఎండక ముందే, ఆరిన వెంటనే, పొద్దుటి చల్లదనంలో ఒలిస్తే ఎలా ఉంటుంది? వీటిలో ఏది ఎంత శాతం బద్దలు తగ్గిస్తుందో అంకెల్లో చెప్పేవాళ్లు లేరు మాకు. మీ విద్యార్థి ఒకరు ఒక సీజను ఒక మిల్లులో కూర్చుని రెండు జల్లెడలు, మూడు దూరాలు, నాలుగు తేమ శాతాలు పెట్టి, ప్రతిసారీ కిలో గుళ్లలో బద్దలెన్నో లెక్కపెడితే చాలు. పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఆ పట్టిక ఒక్కటి మాకు పది శిక్షణ తరగతులతో సమానం. అప్పటికీ నీళ్లు తప్పనిసరి అనే మిల్లుకు ఒకటే షరతు పెట్టండి: ఒలిచిన గుళ్లను ఆ రోజే పల్చగా ఆరబోసి, మీటరులో 7 చూసి గాని సంచి కుట్టకూడదు.

పరీక్షల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. గుప్పెడు గుళ్లు కవరులో వేసి ప్రయోగశాలకు పంపి, బాగుందని కాగితం తెచ్చుకుని నిశ్చింతగా ఉంటారు. ఈ విషం రాశి అంతా సమంగా ఉండదు. ఒక్కోసారి ఒకే ఒక్క గింజలో కిలోకు పది లక్షల మైక్రోగ్రాముల స్థాయిలో ఉంటుంది. అరగ్రాము బరువున్న అలాంటి గింజ ఒక్కటి 30 కిలోల మంచి గుళ్లలో పడితే సంచి మొత్తం సగటు 16 దాటి హద్దు మీరుతుంది. ఆ గింజ మీ గుప్పెట్లో పడే అవకాశం ఎంత? అందుకే కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల పద్ధతిలో వేరుశనగకు 20 కిలోల నమూనా తీయమంటారు. ఊరి స్థాయిలో అంత కుదరకపోయినా ప్రతి సంచి పై, మధ్య, అడుగుల నుంచి వంద గ్రాముల చొప్పున తీసి, కనీసం 5 కిలోలు చేసి, మొత్తం పిండి పట్టించి, కలిపి, అందులోంచి పరీక్షకు తీయాలి. పిండి చేయకుండా కలపడం వల్ల ఉపయోగం లేదు. పట్టీ పరీక్షలు పది పదిహేను నిమిషాల్లో చెప్పేస్తాయి, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్లు తక్కువ ఖర్చుతో ఎలైసా అనే ప్రయోగశాల పరీక్ష పద్ధతి చేసి పెట్టారు. పరికరం కంటే నమూనా తీయడం నేర్పడమే ముఖ్యం. పదో తరగతి చదివిన స్వయం సహాయక సంఘం ఆడపిల్లలకు ఒక పూటలో నేర్పవచ్చు.

వాళ్ల పేరు ఎత్తడానికి కారణముంది. ఒడిశా అంగన్‌వాడీల్లో చిన్న పిల్లలకు ఇంటికిచ్చే ఛతువా అనే పోషకాహార పిండిలో గోధుమ, శనగపప్పు, చక్కెరతో పాటు వేరుశనగ కూడా ఉంటుంది. చేసేది స్వయం సహాయక సంఘాలు. మూడేళ్ల లోపు పిల్ల ఒళ్లు ఎంత, రోజూ తినేది ఎంత? పెద్దవాళ్లకు చెల్లిపోయే మోతాదు ఆ పిల్లకు చెల్లదు. ఛతువాకు కొనే గుళ్లను చేటలో పోసి ముడుచుకున్నవి, రంగు మారినవి, పుచ్చినవి, విరిగినవి ఏరేస్తే విషంలో చాలా భాగం వాటితోనే పోతుంది. దోరగా వేయించి, పొర తీసి, మళ్లీ ఒకసారి ఏరితే ఇంకా మంచిది. పొర తీశాకే కొన్ని మచ్చలు బయటపడతాయి. ఏరేసిన నాసి గుళ్లు ఎక్కడికి పోతాయన్నది రెండో ప్రశ్న. చిక్కీలోకో కారప్పొడిలోకో పోతే ఏరీ దండగ.

పరిగె కాయ గురించి ఎవరూ మాట్లాడరు. పీకాక నేలలో మిగిలిన కాయను రెండు మూడు వారాల తర్వాత కూలీల పిల్లలు తవ్వి ఏరుకుంటారు. తడిసీ ఎండీ, చెదలు తాకీ ఉన్న ఆ కాయ అన్నిటికంటే ప్రమాదం. అది అమ్మకానికి పోదు, ఏరుకున్న ఇంట్లోనే వండుకుంటారు. దాన్ని ఏరొద్దని చెప్పే అర్హత మాకు లేదు. పీకిన మూడు రోజుల్లోపే ఏరనిచ్చే ఏర్పాటు రైతు చేయొచ్చు. మిగిలిన చేనును వెంటనే పాయకట్టు నీటితో తడిపి దున్నేయొచ్చు. మీ శిక్షణలో ఈ ఒక్క మాట చేర్చండి.

పశువుల సంగతి ఒక లెక్కతో సరిపెడతాం. గానుగలో నూనె తీశాక విషం ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. చెక్కలో కిలోకు 100 మైక్రోగ్రాములు ఉండి, ఆవు రోజుకు 2 కిలోలు తింటే లోపలికి 200 పోతుంది. అందులో 2 శాతం పాలలోకి దిగినా 4 మైక్రోగ్రాములు. 5 లీటర్ల పాలిచ్చే ఆవైతే లీటరుకు 0.8. పాలకు మన దేశపు హద్దు కిలోకు 0.5. పాడి శిక్షణకూ వేరుశనగ శిక్షణకూ మధ్య గోడ ఎందుకు ఉండకూడదో ఈ ఐదు అంకెలు చెబుతాయి.

ఇక భాష. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది. అప్పటి నుంచీ బడి ఒడియాలో, వంట, వ్యవసాయం తెలుగులో. కుర్రాళ్లు ఒడియా చదువుతారు, కళ్లం దగ్గర నిర్ణయం చేసే యాభై దాటిన వాళ్లలో చాలామంది చదవలేరు. మీరు కొత్తగా అనువాదం చేయించనక్కర్లేదు. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి నైరలో కళాశాల, ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. పాతపట్నం దాటితే వాళ్లే. రెండు విశ్వవిద్యాలయాలూ ఒక బల్ల దగ్గర కూర్చుని గుంట లెక్క, పులుపు నేల, అక్టోబరు వాన అన్న మూడు సవరణలు చేస్తే వాళ్ల తెలుగు పాఠం మాకు సరిపోతుంది. ఒక్క హెచ్చరిక: బూజు విషం అనే మాట వాడితే వెంటనే అర్థమవుతుంది, కాని బూజు కనపడకపోతే విషం లేదన్న అర్థం కూడా వస్తుంది. పక్కనే ‘కంటికి కనపడకపోయినా ఉండొచ్చు’ అని రాయాలి. కొండ మీది సవర గిరిజనుల ఊళ్లకు తెలుగు కాగితమూ ఒడియా కాగితమూ ఒకటే. అక్కడ బొమ్మలు, సవర మాట్లాడే మనిషి కావాలి.

పరీక్ష మొదలుపెట్టే ముందు, హద్దు దాటిన సరుకును ఏం చేయాలో తేల్చి చెప్పండి. ఏరి మళ్లీ పరీక్షించాలా, రిఫైనరీకి పంపాలా, ఆ చెక్కను పాడి పశువులకు పోకుండా ఎలా ఆపాలి, రైతుకు ధరలో ఎంత కోత పడుతుంది? దీనికి జవాబు లేకుండా పరీక్ష పెడితే ఆ సరుకు అదే రాత్రి సరిహద్దు దాటి, శుభ్రమైన సంచిలో మళ్లీ మన సంతకే వస్తుంది. మొదటి రెండు సీజన్లు ఫలితం రైతుకూ మిల్లుకూ మాత్రమే చెప్పి, పేర్లు బయటపెట్టకుండా ఉంటే దాచేవాళ్లు తగ్గుతారని మా అంచనా.

రబీ కాయ మార్చి చివరి వారంలో కళ్లానికి వస్తుంది. ఫిబ్రవరి లోపు తేమ మీటర్లు రెండు, ఒకటి కాశీనగర్ సంతకు, ఒకటి గుణుపూర్‌కు పంపే ఏర్పాటు చేయమని మా మొదటి విన్నపం. సంత రోజున బల్ల, కాటా, నీడ మేం చూసుకుంటాం, మీటరు పట్టే మనిషిని కూడా మాలోంచే ఇస్తాం. వరికి సరిచేసిన మీటరు వేరుశనగ గుళ్ల దగ్గర తప్పు చూపిస్తుంది. కాబట్టి పంపే ముందు మా గుళ్ల నమూనాలనే తీసుకుని, మీ ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర 17 గంటలు ఆరబెట్టి వచ్చిన అంకెతో మీటరును సరిచూసి, తేడా ఎంతో దాని మీద చీటీ అంటించి పంపండి. నమూనాలు ఏ రోజు, ఎన్ని కిలోలు తేవాలో చెబితే కృషి విజ్ఞాన కేంద్రానికి మేమే తెచ్చిస్తాం.

ఇట్లు,
పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ ప్రాంతాల వేరుశనగ రైతులు, మిల్లుల వాళ్లు